సాంచెలు ఆపించిన సారు

పట్టపగలు, గల్లీ గల్లీ అంతా చూస్తుండగా, చాయ్ తాగి కూర్చున్న ఒక పెద్దమనిషిని చంపిన ఘనత నాది. కత్తి వాడలేదు, మైకు వాడాను. తొందరపడి పోలీసులకు ఫోన్ చేయకండి. ఆ పెద్దమనిషి ఇప్పటికీ ఉన్నాడు, నాకంటే గట్టిగా ఉన్నాడు, మొన్న కూడా ఫోన్ చేసి నన్ను తిట్టాడు. కానీ ఆ రోజు ఆయన కోసం దండలు తెచ్చినవాళ్లున్నారు, హుజూరాబాద్ నుంచి ఏడ్చుకుంటూ బస్సెక్కినవాళ్లున్నారు. పిలవని పేరంటానికి వెళ్లినవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు గానీ, జరగని చావుకు ఊరందరినీ పిలిచినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

అప్పట్లో నేను కరీంనగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో రేడియో పాఠాలు చెప్పేవాణ్ణి. పగలు పిల్లలకు ప్రసారం నేర్పడం, సాయంత్రం అద్దె గదిలో దుప్పటి కప్పుకుని నా సొంత పాడ్‌కాస్ట్ చేసుకోవడం. దాన్ని క్రమం తప్పకుండా వినేది ఇచ్చోడలో ఉన్న మా అవ్వ ఒక్కతే. ఆమె కూడా సగం విని, "మంచిగ మాట్లాడినవు బిడ్డా, బువ్వ తిన్నవా" అని ఫోన్ చేసేది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, వినేవాళ్లు లేరు గానీ నా మైకుకు మాత్రం గాలి హోరు పడకుండా తొడిగే ఒక బొచ్చు టోపీ ఉండేది.

ఇచ్చోడలో మా ఇల్లు సరిగ్గా హైవే పక్కన. ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచి లారీల హారన్లు వింటూ పెరిగాను. అందుకేనేమో నాకు చప్పుడంటే పడదు. కరీంనగర్ ఎండల్లో క్లాసులో ఫ్యాన్ ఆపించి రికార్డింగ్ నేర్పేవాణ్ణి. పిల్లలు ఉడికిపోయి నోటుబుక్కులతో విసురుకుంటే, కాగితాల చప్పుడు వస్తోందని అవీ లాక్కునేవాణ్ణి. ఇక నాకు కుదురు ఎంతమాత్రం లేదు. నిలబడ్డ చోట నిలబడను, ఎదుటివాడు మాట మొదలుపెడితే మిగతాది నేనే పూర్తి చేస్తాను. ఇలాంటివాడు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసిన మొదటి పాఠం ఏమిటో తెలుసా? "మంచి రేడియో మనిషి ముందు వింటాడు." చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. నా విషయంలో, వినడం నేర్పేవాడికి చెప్పేవాళ్లందరూ లోకువ.

ఆ ఏడు మా రేడియో క్లాసు గాల్లో దీపంలా ఉంది. స్టూడియో అని మేం పిలుచుకునే గది మీద ప్రిన్సిపాల్ మేడమ్ కన్ను పడింది. ఆమె సూటిగా చెప్పేసింది. "మీ పిల్లలు చేసిన ఒక్క ప్రోగ్రాం నాకు వినిపియ్యుండ్రి. మంచిగుంటె క్లాసు నడుపుదాం. లేకుంటె గా గదిల జవాబు పేపర్ల కట్టలు పెట్టుకుంటం." పేపర్ల కట్టలు లోపలికొస్తే నేను బయటికి పోవాలి. నాది గెస్ట్ ఉద్యోగం. గెస్టును పొమ్మనడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు.

మా క్లాసులో లావణ్య అని చురుకైన పిల్ల. వాళ్లది సిరిసిల్ల. చేనేత కాలం నుంచి మరమగ్గాల కాలం దాకా చూసిన తన తాత సత్తయ్యతో మాట్లాడి, రికార్డు చేసి తెచ్చింది. మేడమ్ హెడ్‌ఫోన్ పెట్టుకుని కాసేపు విని తీసేసింది.

"గీయన మాట్లాడుతుండా, వెనక గూడ్సుబండి పోతుందా?" అంది.

తప్పు తాతది కాదు. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచెలంటారు. ఆ గల్లీలో ప్రతి ఇంటి ముందు గదిలో సాంచెలు నడుస్తూనే ఉంటాయి, ఆ చప్పుడు తెగదు. మేడమ్‌ను బతిమాలి సోమవారం దాకా గడువు తీసుకున్నాను. చిటుక్కుమన్న శబ్దం కూడా లేని రికార్డింగ్ తెస్తానని మాటిచ్చాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు, నా నోరు ఎప్పుడూ నన్ను ఏదో ఒక ఊరికి తరుముతుంది.

శనివారం పొద్దున లావణ్యను వెంటబెట్టుకుని సిరిసిల్ల చేరాను. సత్తయ్య తాత సన్నగా, నిటారుగా, కళ్లలో కొంటెతనం ఉన్న మనిషి. తాత కొడుకు, లావణ్య వాళ్ల బాపు రమేశం ముందు గదిలో సాంచెలు నడుపుతున్నాడు. నేను వెనక గదిలో స్టూడియో కట్టడం మొదలుపెట్టాను. తలుపుకు తెల్ల దుప్పటి వేలాడదీశాను. తాతను గోడకు ఆనించి కూర్చోబెట్టి, శబ్దం కొట్టుకోకుండా చుట్టూ బొంతలు చుట్టాను. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, కళ్లు మూసుకుంటే పాత సంగతులు బాగా యాదికొస్తాయని చెప్పాను. పాపం, ఆయన చెప్పినట్టల్లా విన్నాడు.

రమేశం మా మీద గౌరవంతో తన సాంచెలు ఆపాడు. ఏం లాభం? పక్కింటివి నడుస్తున్నాయి, ఎదురింటివి నడుస్తున్నాయి. నేను కాలు కాలిన పిల్లిలా గదిలో తిరిగి, పక్కిళ్లవాళ్లతో కూడా ఆపిద్దామన్నాను. రమేశం ముఖం అదోలా పెట్టాడు.

"గట్ల వద్దు సార్. మా గల్లీల సాంచెలన్నీ ఒక్కపారి బందైనయంటె..."

"పని ఖరాబైతదంటవు, గంతేగా? పావుగంటల ఖతం చేస్త రమేశమన్నా."

"పని సంగతి కాదు సార్. జర నేను చెప్పేది..."

అప్పటికే నేను గడప దాటాను. వెనక నుంచి లావణ్య, "సార్, మా బాపు ఏమంటుండంటె" అని పిలిచింది. రికార్డింగ్ అయ్యాక విందామని చేయి ఊపాను. మంచి రేడియో మనిషి ముందు వింటాడు కదా, నేను తర్వాత విందామనుకున్నాను.

పక్కింటాయన సాంచెల మధ్య నిలబడి పని చేస్తున్నాడు. ఆ హోరులో మాట వినిపించదు కాబట్టి ఆయన చెవి దగ్గరికి వంగి అరిచాను. "సత్తయ్య తాత ఇంట్ల నుంచి వచ్చిన. జర సాంచెలు బంద్ చేయుండ్రి."

ఆయన నన్ను ఒక్క క్షణం చూశాడు. బతిమాలాల్సి వస్తుందని, రేడియో గొప్పతనం గురించి చిన్న ఉపన్యాసం కూడా మనసులో సిద్ధం చేసుకున్నాను. అవసరమే పడలేదు. ఆయన మారుమాట లేకుండా స్విచ్చు ఆపేశాడు. తలకు కట్టుకున్న తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. లోపలున్న భార్యతో నెమ్మదిగా ఏదో చెప్పాడు. ఈ చప్పుడు ఆగిందని ఎదురింటివాళ్లు తొంగి చూశారు, వాళ్లూ ఆపేశారు. ఆ పక్కది ఆగింది, ఆ పైది ఆగింది. ఇక నేను ఎవరినీ అడగనక్కర్లేకుండానే గల్లీ చివరి దాకా ఒక్కొక్క ఇల్లూ చల్లబడింది. సిరిసిల్లలో రేడియో అంటే ఇంత మర్యాదా అని నా ఛాతీ పొంగిపోయింది. ఆ నడకతో వెనక్కి వచ్చానంటే చూడాలి, పెళ్లికొడుకు కూడా అలా నడవడు.

అంత నిశ్శబ్దం నేను ఏ స్టూడియోలోనూ వినలేదు. ఎక్కడో కోడి కూస్తే అది కూడా ముద్దొచ్చింది. రికార్డింగ్ నొక్కి, మొదటిసారి సాంచె ముందు నిలబడ్డ రోజు గురించి చెప్పమన్నాను. తాత ఒక కన్ను తెరిచాడు.

"ఎవలు పోయిండ్రు?"

"ఎవలు పోలే తాతా. నువ్వు చెప్పు."

"గల్లీ సప్పుడు బందైంది. ఎవలో పోయిండ్రు బిడ్డా. నా కండువ ఇటియ్యి, పోయి మొకం చూసొస్త."

ఆయన లేవబోయాడు. నేను బొంతతో సహా అదిమి కూర్చోబెట్టాను. ముందు రికార్డింగ్, తర్వాత ఎవరి ముఖమైనా చూడొచ్చన్నాను. తాత అలిగి, కళ్లు గట్టిగా మూసుకుని, నోరు కూడా మూసేశాడు. అప్పుడు రమేశం దుప్పటి పక్కకు జరిపి లోపలికొచ్చాడు. ఇందాకటి నుంచి గొంతులో ఆగిపోయిన మాటను ఎట్టకేలకు పూర్తి చేశాడు.

"మా గల్లీల మనిషి పోతెనే సాంచెలన్నీ బందైతయి సార్. పీనుగ లేచేదాక మల్ల ఎవలు నడుపరు. గదే చెప్పవోతె మీరు వినకపోతిరి."

నేనేమో స్వయంగా ఇంటికి వెళ్లి, ఎవరింటి నుంచి వచ్చానో పేరు కూడా చెప్పి వచ్చాను. పరుగెత్తి అందరికీ విషయం చెబుదామనుకునేలోగా వాకిట్లో ఏడుపు వినిపించింది. దుప్పటి చీల్చుకుంటూ ఒక ముసలాయన లోపలికొచ్చి పడ్డాడు. ఆయన రాజేశం, తాతకు సొంత తమ్ముడు, రెండో పక్కిల్లు ఆయనదే. రెండిళ్ల మధ్య గోడ ఎవరిదన్న తగాదాతో అన్నదమ్ములకు ఏళ్ల తరబడి మాటల్లేవని లావణ్య దారిలోనే చెప్పింది.

ఆయన కంటికి కనిపించినది మీరూ ఒకసారి ఊహించుకోండి. తెల్ల దుప్పటి వెనక, గోడకు ఆనించి, బొంతల్లో చుట్టిన అన్న. మూసిన కళ్లు, మూసిన నోరు. రాజేశం ఆ కాళ్ల మీద పడిపోయాడు.

"అన్నా, గోడ నీదేనే. నీదేనని నాకు ఎప్పటి సందో ఎరుకనే. మొండికి పడ్డ. నిన్నొక్క మాట పలకరియ్యకపోతి."

అసలు సంగతి ఏమిటంటే, తాత చెవులకున్న హెడ్‌ఫోన్ మైకుకు తగిలించి ఉంది. గదిలో ఎవరు ఊపిరి పీల్చినా ఆయనకు మిగతావాళ్లకంటే బాగా వినిపిస్తుంది. తాత తొందరపడలేదు. తమ్ముడు చెప్పాల్సిందంతా చెప్పేదాకా కళ్లు మూసుకునే ఉన్నాడు. అప్పుడు నెమ్మదిగా తెరిచాడు.

"ఎవలు పోయిండ్రు తమ్మీ?"

రాజేశం ఏడుపు ఊపులోనే జవాబిచ్చాడు. "నువ్వేనే అన్నా."

"గట్లనా. మరి గోడ సంగతి జర ఇంకోపారి చెప్పు."

ఆ తర్వాత రాజేశం ముఖంలో వచ్చిన మార్పులు రేడియోలో చూపించలేం. అన్న బతికున్నాడన్న సంతోషం కాసేపు, ఆ తర్వాత మైకు మీద పడ్డ చూపు. గోడ కోసం కాలేజీ సారును పిలిపించి సాక్ష్యం రికార్డు చేయించాడని, ఇంత నాటకం పుట్టి బుద్ధెరిగాక చూడలేదని లేచాడు. తాతేమో బొంతల్లోంచి బయటపడే ప్రయత్నంలో ఉన్నాడు. మధ్యలో నేను ఇద్దరికీ దండం పెడుతూ నిలబడ్డాను. వాకిట్లోకి దండలొచ్చాయి. వాటి వెనకే డప్పులొచ్చాయి. గల్లీవాళ్లు అప్పటికే చుట్టాలందరికీ కబురు చేసేశారు, సుల్తానాబాద్‌వాళ్లు శవాన్ని ఎప్పుడు లేపుతారని ఫోన్ చేస్తుంటే, లేవడం కాదు, ఆయన కూర్చునే ఉన్నాడని రమేశం ఒక్కొక్కరికి చెప్పలేక గొంతు పోగొట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి హుజూరాబాద్ నుంచి తాత కూతురు దిగింది. గేటు దగ్గర మొదలైన ఆమె ఏడుపు, చాయ్ తాగుతున్న తండ్రిని చూసి సగంలో ఆగింది. ఆయనను పట్టుకుని మళ్లీ ఏడ్చింది, ఆ తర్వాత భుజం మీద ఒకటి వేసింది, ఆ తర్వాత ఈ పని ఎవరు చేశారని అడిగింది. గల్లీ మొత్తం నా వైపు వేలు చూపించింది. అంత కచ్చితమైన సమన్వయం నా క్లాసులో ఏనాడూ రాలేదు.

ఆమె నన్ను తిట్టలేదు, అదే నయమనుకున్నాను. "బస్సుల నేను ఏడుస్తుంటె పక్కసీటామె తన నీళ్ల సీసా ఇచ్చింది సార్. నాతోని తను కూడా ఏడ్చింది. గామెకు ఇప్పుడు నేనేం చెప్పాలె?" అంది. సిగ్గుతో చచ్చిపోయానంటే నమ్మండి, ఆ రోజు నిజంగా చచ్చినవాణ్ణి నేనే.

తాత మాత్రం ఆ రోజును పండుగలా గడిపాడు. రికార్డింగ్ పెట్టించుకుని, హెడ్‌ఫోన్‌తో మొదటి నుంచి చివరి దాకా విన్నాడు. ఎవరు ఎంత ఏడ్చారో లెక్క చూసుకుని, "కోడలి ఏడుపు ఇనవస్తలేదేంది?" అని గట్టిగా అడిగాడు. వంటింట్లో రమేశం భార్య చేతిలోంచి గిన్నె కింద పడ్డ శబ్దం వచ్చింది. తాత పోలేదని ఆమెకు మొదటి నుంచీ తెలుసు పాపం, చాయ్ ఇచ్చింది ఆమే.

సోమవారం ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లేటప్పుడే నా మైకు, బొచ్చు టోపీ సంచిలో సర్దేసుకున్నాను. వినిపించడానికి ఆ రభస తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు. మేడమ్ హెడ్‌ఫోన్ పెట్టుకుంది. మొదట కనుబొమ్మలు ముడిచింది. గోడ దగ్గరికొచ్చేసరికి భుజాలు కదిలాయి. చివరికి కళ్లు తుడుచుకుంటూ హెడ్‌ఫోన్ తీసింది.

"సౌండ్ మంచిగున్నది. వెనక గూడ్సుబండి లేదు," అంది. నేను గట్టిగా ఊపిరి పీల్చుకోబోతుంటే, "కని సారూ, సాంచెల సప్పుడు లేకుంటె గిది సిరిసిల్ల అని వినేటోళ్లకు ఎట్ల ఎరుకైతది? పోయి గా సప్పుడు రికార్డు చేసుకొని రాండ్రి. క్లాసు సంగతి గప్పుడు చూద్దాం," అంది.

కాబట్టి పాఠకులారా, ఏ గల్లీలోనైతే సాంచెలు ఆపించానో, అదే గల్లీకి సాంచెల చప్పుడు అడుక్కోవడానికి వెళ్లాను. నేను మలుపు తిరగ్గానే పక్కింటాయన స్విచ్చుకు అడ్డంగా నిలబడ్డాడు. గొడవేమీ పెట్టుకోకుండా మైకు పైకెత్తి, గల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి వచ్చాను. తాత అరుగు మీద తమ్ముడితో కూర్చుని ఉన్నాడు. గోడ ఎవరిదన్న తగాదా మళ్లీ మొదటి నుంచి నడుస్తోంది, కాకపోతే ఇప్పుడు ఎదురెదురుగా. ప్రోగ్రాంలో గోడ మాట తీసేస్తేనే ఒప్పుకుంటానన్నాడు రాజేశం. అదొక్కటే ఉంచమన్నాడు తాత. లావణ్య ఇద్దరికీ చెప్పకుండానే ఆ ముక్క కత్తిరించేసింది. క్లాసు నిలబడింది, నేనూ నిలబడ్డాను.

బస్సు కోసం బయలుదేరబోతుంటే తాత నా చేయి పట్టుకున్నాడు.

"నువ్వు చేసిన పనికి, రేపు నేను నిజంగ పోయిన్నాడు ఒక్కడు రాడు బిడ్డా. సాంచెలు బందైతె, సారు మల్ల రికార్డింగుకు వచ్చిండనుకుంటరు."

నవ్వుదామనుకున్నాను. ఆయన నవ్వలేదు.

"గా రోజు నువ్వే వచ్చి ఇంటింటికి తిరిగి చెప్పాలె. మైకు లేకుండ రావాలె."

చేతిలో చేయి వేసి ఒప్పుకున్నాను. అందుచేత, ఇచ్చోడ వాస్తవ్యుణ్ణి, కరీంనగర్ రేడియో గెస్టును, బొచ్చు టోపీ మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ గల్లీలోనూ ఏ సాంచె ఆపమనను, క్లాసులో ఫ్యాను కూడా ఆపను. "గట్ల కాదు సార్" అని ఎవరైనా మొదలుపెడితే చివరి అక్షరం దాకా నోరు మూసుకుని వింటాను. తాత ఇప్పటికీ వారానికోసారి ఫోన్ చేసి తిడుతుంటాడు. వెనక సాంచెల హోరులో ఆ తిట్లు సగం కూడా వినబడవు. అయినా సరే, "తాతా, జర సప్పుడు లేని చోటికి పోయి మాట్లాడు" అని మాత్రం ఈ జన్మలో అనను.