గోదారాయన ఈత

మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో ఉపేంద్రను ఎరగని తెలుగువాళ్ళు తక్కువ. మనిషి మంచివాడే. ఎవరు ఇల్లు మారినా ట్రెయిలరు తగిలించుకుని వస్తాడు, ఎవరింట్లో వ్రతమైనా కుర్చీలు మోస్తాడు. సిటీలో ఒక బ్యాంకులో కంప్యూటర్ల ఉద్యోగం, పొద్దున్నే రైలు, పెరట్లో చలికి వణుకుతూ బతికే కరివేపాకు మొక్క. లోపమల్లా ఒక్కటే. నోరు తెరిస్తే గోదావరి. పులసలని, పూతరేకులని, లంక పొగాకని మొదలెడితే ఎదుటివాడి కాఫీ చల్లారాల్సిందే. వాటివల్ల ఎవరికీ నష్టం లేదు. నష్టం తెచ్చిపెట్టింది ఈత.

అతనిది రాజోలు పక్కన ఒక ఊరు. ఇంటి ముందే కాలువ. అక్కడి పిల్లలకు నడకా ఈతా ఇంచుమించు ఒకేసారి వస్తాయి. ఉపేంద్రకు నడక ఒక్కటే వచ్చింది. పుట్టగానే జాతకం చూసిన సిద్ధాంతి ‘జలగండం ఉందమ్మా, కాస్త కనిపెట్టుకుని ఉండు’ అన్న పాపానికి తల్లి అతన్ని కాలువలో కాలు పెట్టనివ్వలేదు. తోటి పిల్లలంతా వంతెన మీంచి దూకుతుంటే, ఇతను గట్టు మీద కూర్చుని వాళ్ళ లాగులకు కాపలా కాసేవాడు. ఏ లాగు ఎవరిదో కళ్ళు మూసుకుని చెప్పగలిగేవాడు. ఆ విద్యలో మాత్రం ఊళ్ళో అతన్ని మించినవాడు లేడు.

హైదరాబాదు హాస్టల్లో చేరాక, ఎవరో ఈత మాటెత్తితే, ‘గోదాట్లో ఎదురీదేస్తామండి, ఆయ్’ అనేశాడు. అడిగినవాడు నమ్మాడు. ఎందుకు నమ్మడు? కోనసీమవాడికి ఈత రాదంటేనే ఎవరూ నమ్మరు గానీ. ఆ కోతే అతనితో పాటు విమానమెక్కి మెల్‌బోర్న్ వచ్చింది. బీచికి వెళ్తే ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, తడి ఇసుకలో నిలబడి, ‘ఈ ఉప్పునీళ్ళలో ఈదితే అదొక ఈతా’ అని పెదవి విరిచేవాడు. నిజం తెలిసింది భార్య నీలిమకు, కూతురు అపూర్వకు మాత్రమే. అపూర్వ ఇక్కడే పుట్టింది, బళ్ళోనే ఈత నేర్చుకుంది, పదిహేనేళ్ళకే స్కూలు తరఫున పోటీలకు వెళ్తోంది. చిన్నప్పుడు నీళ్ళలోంచి ‘కమిన్, డాడ్’ అని పిలిచేది. ‘చలిగా ఉందమ్మా’ అనేవాడు. కొన్నాళ్ళకు పిలవడం మానేసింది.

జనవరి సెలవుల్లో డాక్టర్ ఈశ్వరప్రసాద్ గారింట్లో భోజనాలు. ముప్పై ఏళ్ళ కిందట వచ్చి స్థిరపడ్డ కుటుంబం, పెద్ద పెరడు, అందులో ఈతకొలను. ఇక్కడ కొలనుకు చుట్టూ కంచె ఉండాలి, గేటు దానంతటదే మూసుకోవాలి. ఆ రోజు పొయ్యి దగ్గర్నుంచి పళ్ళేలు మోయడానికి అడ్డమని ఎవరో ఆ గేటు మూసుకోకుండా ఐస్‌బాక్సు పెట్టారు. మనవాళ్ళకు నియమాల కంటే వడ్డన ముఖ్యం.

పెద్ద పిల్లలంతా తడిసి, అలసి, లోపలికి పోయారు. డాక్టరు గారి భార్య శేషుకుమారి ఆడవాళ్ళను భోజనానికి పిలిచింది. బిందుమాధవి మాత్రం కదల్లేదు. కరీంనగర్ నుంచి కొత్తగా వచ్చి ఉపేంద్ర వీధిలోనే దిగిన అమ్మాయి ఆమె. ఆరేళ్ళ కొడుకు కార్తికేయ కొలను మెట్ల మీద కూర్చుని కాళ్ళు ఆడిస్తున్నాడు, ఎంత పిలిచినా రానంటున్నాడు.

“నేనున్నా కదా చెల్లెమ్మా. గోదారోళ్ళం, నీళ్ళ దగ్గర మా కన్ను తప్పదు. మీరెళ్ళి తినండి, ఆయ్,” అన్నాడు ఉపేంద్ర.

“జర చూస్తుండుండ్రి అన్నా,” అని ఆమె వెళ్ళింది.

నిజంగానే కన్ను తప్పించలేదు. అంతా చూశాడు. రంగుల బంతి ఒకటి మెల్లగా లోపలికి జరగడం, పిల్లవాడు చెయ్యి చాచడం, మెట్టు దిగి ఇంకొంచెం చాచడం, కాలు జారడం. కేక లేదు, చప్పుడు లేదు. పిల్లవాడి తల వెనక్కి వాలి, నోరు నీటి అంచున తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. వాడు మునుగుతున్నాడని ఉపేంద్రకు వెంటనే అర్థమైంది. గట్టు అంచు దాకా పరిగెత్తాడు. అక్కడ ఆగిపోయాడు. ఎవరినీ పిలవలేదు. అలా ఎంతసేపు నిలబడ్డాడో అతనికీ తెలియదు. పళ్ళెం పట్టుకుని బయటికొచ్చిన అపూర్వ ఆ దృశ్యం చూసి, పళ్ళెం అక్కడే వదిలేసి, వేసుకున్న చుడీదారుతోనే దూకింది.

పిల్లవాడు దగ్గి, కక్కి, గుక్కపెట్టి ఏడ్చాడు. ఆ ఏడుపుకు ఇల్లంతా పరిగెత్తుకొచ్చింది. ఈశ్వరప్రసాద్ గారు గుండె, ఊపిరి చూసి, ప్రమాదం లేదు గానీ హాస్పిటల్లో ఒకసారి చూపించి తీరాలన్నారు. అపూర్వ నడుం లోతులోంచి నడిచి బయటికి రావడం అప్పుడు చూశాడు ఉపేంద్ర. దిగి ఉంటే ఆ నీళ్ళు అతని బొడ్డు దాటేవి కావు.

“ఎట్లా చూశావమ్మా?” అని ఎవరో అపూర్వను అడిగారు.

జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా ఆ పిల్ల తండ్రి వంక ఒక్కసారి చూసి, తల దించుకుంది.

“డాడ్ పిలిచారు,” అంది. ఇంట్లో కూడా తెలుగు మాట్లాడని పిల్ల, అందరికీ అర్థమయ్యేలా తెలుగులో చెప్పింది.

బిందుమాధవి కొడుకును ఎత్తుకునే వచ్చి ఉపేంద్ర చెయ్యి పట్టుకుంది. “మీరు ఉన్నరు కాబట్టి దక్కిండు అన్నా,” అని ఏడ్చింది. కాదని ఉపేంద్ర ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడి ఆ కృతజ్ఞత కూడా పుచ్చుకున్నాడు.

ఇంటికొచ్చాక కూతురి గది గుమ్మంలో నిలబడ్డాడు.

“ఎందుకమ్మా అలా చెప్పావు?”

“ఎవ్రీవన్ వాజ్ లుకింగ్ ఎట్ యూ, డాడ్,” అంది.

కోపంగా అని ఉంటే భరించేవాడు. జాలిగా అంది. కన్న బిడ్డ తన పరువు కోసం అబద్ధమాడిందన్న సిగ్గు ముందు తక్కిన సిగ్గులన్నీ దిగదుడుపే. ఆ పిల్లకు అబద్ధం చెప్పకూడదని నేర్పినవాడు కూడా అతనే.

వారం తిరక్కుండా బిందుమాధవి సకినాలు చేసి పంపింది. నీలిమ పళ్ళెంలో పెట్టి ముందుంచితే ఒక్కటి కొరికి, మింగలేక, లేచి వెళ్ళి ఉమ్మేశాడు. స్టేషనుకు ఆమె ఇంటి ముందు నుంచి వెళ్ళడం మానేసి చుట్టుతిరిగి వెళ్ళసాగాడు. తెలుగువాళ్ళు కలిస్తే గోదావరి ఊసెత్తడం లేదు. ఒంట్లో బాగుందా అని జనం అడుగుతున్నారు. బాగాలేదు. అద్దంలో ముఖం చూసుకోవడానికే ముఖం చెల్లడం లేదు. ఈ నామోషీని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. దాస్తే దాగేది కూడా కాదు. చివరికి అదే అతన్ని మెడపట్టుకుని ఒక శనివారం పొద్దున్న ఇక్కడి మునిసిపాలిటీ, అదే కౌన్సిలు వాళ్ళ ఈతకొలనుకు తీసుకెళ్ళింది.

పెద్దవాళ్ళ తరగతి పిల్లల కొలనులోనే, పిల్లల పక్కనే. నలభై ఆరేళ్ళ మనిషి, కుండలాంటి బొజ్జ, బిగుతు నిక్కరు, చేతిలో పట్టుకుని తేలడానికి పసుపు రంగు నురుగుపలక. పక్క వరుసలో పాలపళ్ళ పిల్లలు చేపల్లా మునిగి తేలుతుంటే, తల కొట్టేసినట్టుగా ఉండేది. నేర్పే అమ్మాయి మేగన్ మొదట చెయ్యమన్నది ఒక్కటే: ముఖం నీళ్ళలో పెట్టి గాలి వదలమంది. అదే చేతకాలేదు. గడ్డం తడిసేసరికి, కాలువ గట్టున తల్లి వేసే కేక ఇప్పటికీ చెవుల్లో మోగేది. తరగతిలో ఉన్న గ్రీకు ముసలావిడ రెండో వారానికే ముఖం ముంచేసింది. ఉపేంద్ర వారాల తరబడి గడ్డం దగ్గరే ఆగిపోయాడు. ప్రతి శనివారం ఇక మానేద్దామనుకునేవాడు. ‘డాడ్ పిలిచారు’ అన్న మాట గుర్తొచ్చేది. లేచి నిక్కరూ తువ్వాలూ సంచిలో పెట్టుకునేవాడు.

అలాంటి ఒక శనివారం, నడుం లోతు నీళ్ళలో పలక పట్టుకుని నిలబడి ఉండగా, బిందుమాధవి కొడుకు చెయ్యి పట్టుకుని లోపలికొచ్చింది. దాక్కోవడానికి ఆ కొలనులో చోటు లేదు.

“అన్నా, మీరా?” ఆమె ముఖం విప్పారింది. “ఈడ పిల్లలకు నేర్పుతున్నరా? మా కార్తీని గూడ ఇయ్యాల్నే చేర్పించిన. భయపడుతున్నడు.”

అవునంటే సరిపోతుంది. ఆమే మాట అందించింది. నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

“లేదమ్మా. నేర్చుకుంటున్నాను.”

ఆమె నవ్వబోయి ఆగింది.

“నాకు ఈత రాదమ్మా. ఆ రోజూ రాదు. అపూర్వను నేను పిలవలేదు, తనే చూసి దూకింది. బాబు మునుగుతుంటే నేను గట్టు మీద నిలబడి చూశాను. అరవను కూడా అరవలేదు.”

బిందుమాధవి కొడుకును దగ్గరికి లాక్కుంది. తిడుతుందేమోనని ఉపేంద్ర చూశాడు, తిడితే బాగుండుననుకున్నాడు.

“మీ మాట మీదనే గద అన్నా, నేను వాణ్ణి ఇడిచిపెట్టి పోయింది,” అంది.

ఆమె వెళ్ళి ఎదుటి గట్టున బల్ల మీద కూర్చుంది. తరగతి మొదలవుతోందని పిలిచినా పిల్లవాణ్ణి ఒళ్ళోంచి దించలేదు. ఆమె కళ్ళు ఉపేంద్ర మీదే ఉన్నాయి. వాటిలో క్షమ లేదు, పగ కూడా లేదు. ఇంత కాలమూ తనను చూడనే లేదని, ఇప్పుడు మొదటిసారి చూస్తోందని అతనికి అనిపించింది. మెట్లెక్కి, తువ్వాలు కప్పుకుని, కారెక్కి పారిపోవాలనిపించింది. ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోతోంది.

“రెడీ, ఉపేన్?” అంది మేగన్.

పలక వదిలి, గట్టు అంచున ఉన్న కమ్మీ పట్టుకున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకుని ముఖం నీళ్ళలో పెట్టాడు. చెవులు మూసుకుపోయాయి, ముక్కులోకి మంట ఎక్కింది, నోట్లోంచి గాలి బుడబుడా బయటికి పోయింది. ఉక్కిరిబిక్కిరై పైకి లేచి, తుడుచుకుని చూస్తే, కార్తికేయ ఒళ్ళోంచి ముందుకు వంగి ఉన్నాడు. వాళ్ళమ్మ ఇంకా అలాగే చూస్తోంది.

ఉపేంద్ర మళ్ళీ ముఖం ముంచాడు.