పట్టిసీమ లాంచీలో అక్కకి తిరిగొచ్చిన బెంగాలీ

మా అక్క పెళ్ళయ్యాక పన్నెండేళ్ళు ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్సులో కాపురం చేసింది. ఎనిమిదో క్లాసు తప్పిన నేనూ ఓ ఏడాది అక్కడే వాళ్ళ తిండి తిన్నాను. బావగారు ఆ ఉద్యోగం మానేసి మండపేట రైసుమిల్లులో చేరి ఇరవై ఏళ్ళయింది. ఈ కార్తీకం వెళ్ళాక, అప్పటి పక్కింటి మాలతి మద్రాసు వెళ్తూ రాజమండ్రిలో ఒక పగలు దిగుతానని, పట్టిసీమ చూపించమని కబురు పెట్టింది. ఆవిడకి తెలుగు రాదు. అక్కకి బెంగ పట్టుకుంది. "బెంగాలీ అంతా గోదాట్లో కలిసిపోయిందిరా. అది అంత దూరం నుంచి వస్తే మూగదానిలా కూర్చోవాలా?"

ఆ రోజు మండపేటలో మొదటి బస్సు ఎక్కాం. టిక్కెట్టు రెండు రూపాయలు. దారిలో పరీక్ష పెట్టాను.

"కిటికీని ఏమంటారే?"

"గుర్తు లేదు."

"జానలా?"

"ఆఁ, అదే."

"గొడుగు? ఛాతా?"

"అదే."

"తలగడ? ఘుటుంపా?" ఇది నేను అప్పటికప్పుడు పుట్టించిన మాట.

అక్క అనుమానంగా చూసింది. "అసలు మాట గుర్తు రావట్లేదు గానీ, అది మాత్రం కాదు."

కండక్టరు నవ్వాడు. "ఎవరికండీ పరీక్ష?"

"మా అక్కకండి. నేను ఎప్పుడో తప్పాను."

స్టేషన్లో రైలు దిగిన మాలతిని వెంటబెట్టుకుని రేవుకి వెళ్ళాం. ఎనిమిదికి రాజమండ్రి రేవులో లాంచీ కదిలింది. మాలతి మా అక్క చేతులు పట్టుకుని గలగలా మాట్లాడుతూనే ఉంది. అక్క తల ఊపుతూనే ఉంది. "అంతా అర్థమవుతోందిరా, నోట్లోంచి ఒక్క ముక్క రావట్లేదు," అని నాతో అంటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉప్మా తెచ్చిన వంటాయన, "ఆ అమ్మగారు మాట్లాడరాండీ?" అన్నాడు. "మాట్లాడుతుందండి, ఇంజను వేడెక్కాలి," అన్నాను.

మాలతి నడుముకి పెట్టుకున్న తలగడ జారింది. దాన్ని తీసి, మహా వినయంగా, "మీ ఘుటుంపా అండి," అని అందించాను. ఆవిడ తెల్లబోయింది. అక్కకి ఒళ్ళు మండింది.

"ఓర్ కథా శునో నా! ఓటా బాలిష్!"

వాడి మాటలు వినకు, దాన్ని బాలిష్ అంటారు అని. అన్నాక తనే నోటి మీద చెయ్యి వేసుకుంది. మాలతి పకపకా నవ్వింది. ఆ తరువాత నన్ను తిట్టడానికే బెంగాలీ అంతా వరసగా బయటికొచ్చింది. పట్టిసీమ ఇసుకలో నడుస్తున్నా, కొండ మెట్లెక్కి వీరభద్రుణ్ణి చూసినా, కొవ్వూరు బస్సులో వంతెన దాటుతున్నా ఇద్దరూ ఆపలేదు. సాయంత్రం మద్రాసు మెయిల్లో మాలతి వెళ్ళిపోయింది.

నెల తరువాత వెళితే అక్క మనవరాలికి పాఠం చెబుతోంది. "తలగడని బెంగాలీలో ఘుటుంపా అంటారమ్మా."

"అది నా మాటే," అన్నాను.

"నీ మొహం. లాంచీలో మాలతి అంది. నా చెవులతో విన్నాను."

ఆ రోజు బస్సులో కాదని తోసేసిన మాటే ఇది. ఎవరి నోట విన్నదీ అక్క బుర్రలో చెరిగిపోయి, మాట మాత్రం మిగిలింది. దానికి మాలతి ముఖం అతుక్కుంది. నేను వాదించలేదు. నా అబద్ధానికి ఇంతకంటే మంచి ఇల్లు దొరకదు.

పట్టిసీమకి పొద్దున లాంచీలోనే వెళ్ళండి, ఎండెక్కాక ఇసుక కాలుతుంది. మీవాళ్ళెవరికైనా పాత భాష తుప్పు పట్టి ఉంటే, దాన్ని తప్పుగా మాట్లాడే వెధవని ఒకణ్ణి వెంట తీసుకెళ్ళండి.