నాయన చేసిన నాట్ విమానం

లాక్‌డౌన్‌లో, మేం బతుకుదెరువుకు వలసొచ్చిన గోడాదరాలో మగ్గాలన్నీ ఆగిపోయాక మా నాయనకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముప్పై ఏళ్లు పవర్‌లూమ్ నడిపిన మనిషి. ఇంట్లో గిన్నెలు సర్దిందే సర్ది నా ప్రాణం తీసేవాడు.

పక్క మేడలో వాయుసేనలో మెకానిక్‌గా చేసి రిటైరైన గుజరాతీ తాత ఉండేవాడు. సాయంత్రం మేం డాబా ఎక్కితే చాలు, పిట్టగోడ అవతలి నుంచి యుద్ధం రోజుల నాట్ అనే బుల్లి ఫైటర్ విమానం కథలు మొదలు. ఇంతే ఉంటుందట, శత్రువు కంటికి ఆనదట, వెంటపడిన పెద్ద విమానం సగం తిరిగేలోపు ఇది గిరుక్కున తిరిగి దాని వెనకాలే తేలుతుందట. "పేరు పైలట్లకొచ్చింది, దాన్ని బాగుచేయలేక మా నడుములు విరిగాయి" అని హిందీలో చెప్పి నవ్వేవాడు.

నాయన ఊరుకోలేదు. చీరల డబ్బా అట్టతో నాట్ చేసి, మా నీళ్ల ట్యాంకు చుట్టూ తిప్పి చూపిస్తానన్నాడు. తాత వదులుతాడా? "మగ్గం వాళ్లకు అటూ ఇటూ పోవడమే వచ్చు, తిప్పడం ఎక్కడొస్తుంది?" అనేశాడు. నాయన ముఖం చిన్నబోయింది. నాకు ఒళ్లు మండింది. పని లేక అప్పటికే సగమైన మనిషిని ఈ ఒక్కదాంట్లోనైనా గెలిపించాలని పంతం పట్టాను.

విమానం ముచ్చటగా కుదిరింది. రెక్కలు దారంతో కొలిచి సమంగా కోశాడు, ముక్కుకు మైనం పెట్టాడు. విసిరితే గీత గీసినట్టు పోయి తాత డాబా మీద వాలింది! తాత పగలబడి నవ్వి వెనక్కి విసిరాడు. నాలుగు రోజులు ఇదే తంతు.

"తోక జర వంచరాదు నాయినా," అన్నాను.

"వంకరనా? నాడె జర పక్కకు పోతె పోగులన్ని తెగుతయి బిడ్డా. ఎగిరొచ్చి మొకం మీద కొడ్తది. నా చెయ్యి గట్ల చెయ్యది."

మగ్గంలో పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె దారి తప్పకుండా చూడటమే ఆయన జన్మంతా చేసిన పని. విమానం అనుకుంటూ రెక్కలున్న నాడెను చేశాడు పాపం.

"ఇది గాలిల పోతది నాయినా. ఈడ తెగేటందుకు పోగులే లెవ్వు," అన్నాను.

నాయన విమానం చేతిలోకి తీసుకున్నాడు. కళ్లు మూసుకుని తోక అంచును ఎడమకు వంచి విసిరాడు. ట్యాంకు చుట్టూ చక్కగా తిరిగి, మా తలల మీదుగా వచ్చి ఆయన కాళ్ల దగ్గరే దిగింది. తాత మాస్కు కిందికి లాగి ఈల వేశాడు. నేను ఆనందం పట్టలేక గంతులేశాను.

నాయన విమానం ఎత్తుకుని, చుట్టూ ఓసారి చూసి, నా చెవిలో అన్నాడు: "ముప్పయ్యేండ్లల్ల మొదటిసారి కావాలని వంకర పని చేసిన బిడ్డా. రేపు మగ్గాలు నడిస్తె సేఠ్‌కు మాత్రం చెప్పకు."