మూడో పిలుపు

క్రిస్మస్‌కు ముందురోజు పొద్దుగూకే వేళ, సిరొంచలో మా వాడ క్రైస్తవులంతా ప్రాణహిత ఒడ్డుకు పోయి, అవతలి గట్టువైపు తిరిగి, ఒక్క గొంతుతో "ఆఁ... వస్తున్నం!" అని కేక వేసేవారు. అవతల ఎవరూ ఉండరు, ఎవరూ పిలవరు. పిలవకుండానే పలకడమేమిటని అడిగితే ఒక్కో పాదిరి ఒక్కో అర్థం చెప్పాడు. గొల్లలు దేవదూతకిచ్చిన జవాబని ఒకాయన అన్నాడు. దారి తప్పిన జ్ఞానులకు ధైర్యం చెప్పడమని ఇంకొకాయన అన్నాడు. ఆ తర్వాత వచ్చినాయన ఆత్మ, పరమాత్మ అంటూ చాలాసేపు చెప్పి పిల్లలందరినీ నిద్రపుచ్చాడు. వింటుంటే నాకు ఒళ్లు మండేది. ఆ కేక ఏ గ్రంథంలోంచీ రాలేదు. మా పక్కింటి మల్లక్క నోట్లోంచి వచ్చింది. దానికి తోడు కలిపిన మొదటి గొంతు మా అమ్మ చాంద్ బీది. నమాజు చేసుకునే మనిషి క్రిస్మస్ ఆచారం ఎలా మొదలుపెట్టిందని ఎవరైనా నవ్వితే నవ్వనీ.

మల్లక్కది పెద్ద గొంతు. కలప డిపో దగ్గర దుంగలు దొర్లించే మొగుడు కొండన్నను ఇంటి గుమ్మంలో నిలబడే అన్నానికి పిలిచేది. మోరీ కాలవ నీళ్ల గురించి పొద్దున్నే మా అమ్మతో వాడంతా వినపడేలా కొట్లాడి, మధ్యాహ్నానికి చేపల పులుసు పంపేది. పిల్లలు లేరు. వాడలో పిల్లలందరినీ తిట్టే హక్కు మాత్రం తీసుకుంది. ఆమె తిట్లు తినకుండా పెరిగినవాళ్లు మాలో ఎవరూ లేరు.

ఒక ఏడు క్రిస్మస్‌కు ముందురోజు, పండగ బట్టలు తేవడానికి కొండన్న ఏరు దాటి చెన్నూరు పోయాడు. పొద్దుగూకినా రాలేదు. మల్లక్క ఒడ్డుకు పోయి నిలబడింది. నావ ఇవతలే కట్టేసి ఉంది. నావ నడిపే జంగు ఇల్లు గట్టు మీదే, గట్టిగా కేకేస్తే లేచి వచ్చేంత దగ్గర. ఏటి మీద మంచు కమ్మింది. ఆ మంచులోంచి "ఓ..." అని ఎవరో పిలిచారు. గాలికి గొంతు చెదిరిపోయి ఎవరిదో తెలియలేదు. కాసేపటికి మళ్లీ "ఓ..." అని వినపడింది. మల్లక్క పలకలేదు.

ఎందుకు పలకలేదో మా ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. చీకటిపడే వేళ ఏటి దగ్గర ఎవరు పిలిచినా మూడోసారి పిలిచేదాకా పలకకూడదు. మనిషైతే మూడోసారి పిలుస్తాడు. దయ్యమైతే రెండుసార్లు పిలిచి ఊరుకుంటుంది. పలికావా, నీళ్లలోకి తీసుకుపోతుంది. మా అమ్మ నాకు ఇదే నేర్పింది. గోండు గూడేల్లోనూ ఇదే మాట. దేవుళ్ల దగ్గర వేరైన మేమంతా దయ్యాల దగ్గర మాత్రం ఒక్కటే.

మల్లక్క కొంగు నోట్లో కుక్కుకుని మూడో పిలుపు కోసం చూసింది. అది రాలేదు. భయంతో ఇంటికి పరుగెత్తి తలుపు గడియ వేసుకుంది. తెల్లారాక అవతలి ఇసుకలో కొండన్న చెప్పులూ బట్టల మూటా దొరికాయి. కొండన్న దిగువన రాళ్ల మధ్య దొరికాడు.

వాడంతా మల్లక్కకు ఒకే మాట చెప్పింది. "నువ్విన్నది దయ్యమే. మూడోపారి పిలవలేదు గద? నీ మొగడు అప్పటికే పోయిండు." ఆ మాట పట్టుకునే ఆమె బతికింది. నమ్మిందా అంటే, పగలు నమ్మేది. పొద్దుగూకితే నమ్మకం సడలిపోయేది. మరుసటి ఏడు అదే రోజు, అదే వేళకు ఒడ్డుకు పోయి, ఉత్త గాలికి "ఆఁ... వస్తున్న!" అని బదులు పలికింది. ఎక్కడ నీళ్లలో దిగుతుందోనని మా అమ్మ వెంటపడి పోయి, ఆమె చెయ్యి పట్టుకుని తానూ పలికింది. "వస్తున్న" కాస్తా "వస్తున్నం" అయింది అప్పుడే.

తర్వాత వాడలోని ఆడవాళ్లు తోడు పోయారు. వాళ్ల వెంట పిల్లలు, పిల్లల వెంట బెల్లం ఉండలు, ఆ వెనక డప్పులు, కందీళ్లు వచ్చాయి. కొన్నేళ్లకు అది పండుగ అయిపోయింది. చామోర్షి చుట్టాలు సైతం ఆ కేక కోసమే వచ్చేవారు. ఆ గోలలో మల్లక్క చివరన నిలబడి పెదవులు మాత్రం కదిపేది. ఆమె దుఃఖాన్ని తీసుకుపోయి అందరూ పండుగ చేసుకున్నారు. ఎవరి తప్పూ కాదు. అయినా నాకు కోపమే.

పంతొమ్మిది వందల ఎనభై అయిదులో ఆమెకు ఆయాసం ముదిరింది. డిసెంబరులో మంచం దిగి, మా అమ్మ భుజం పట్టుకుని, సంఘపెద్ద రాజలింగు ఇంటికి పోయింది. నేనూ వెంట ఉన్నాను.

"ఈయేడు డప్పులొద్దు, కేకలొద్దు," అన్నది. "జర సప్పుడు లేకుంట నిలవడుండ్రి. నేను ఇనాలె."

"ఏం ఇంటవక్కా?"

"ఆ దయ్యాన్ని. అది మళ్ల పిలుస్తదేమో ఇనాలె. రెండుసార్లు పిలిచి ఊకుంటే, ఆనాడు పిలిచింది గూడ అదే. నా మొగడు గాదు. గంత తెలిస్తే సాలు, నా పానం సుఖంగ పోతది."

రాజలింగు తల పట్టుకున్నాడు. "పండుగనాడు దయ్యం కోసం ఎదురుసూసుడేందక్కా? నలుగురింటే ఏమంటరు?"

మా అమ్మ ఆగలేదు. "పండుగే దాని ఏడుపుల పుట్టె! ఒక్క పూట దానిది దానికియ్యనీకె మీకు చేతగాదా?" అని కడిగేసింది. రాజలింగు ఒప్పుకున్నాడు. చంద్రపూర్ నుంచి కొత్తగా వచ్చిన పాదిరికి మాత్రం, ముసలామె ఒంట్లో బాగాలేదు, ఈసారి మౌనంగా ప్రార్థన చేద్దామని చెప్పాడు. దయ్యం సంగతి దాచాడు.

ఆ సాయంత్రం ఒడ్డు నిండా మనుషులున్నా ఇసుక మీద కాలి చప్పుడు కూడా లేదు. మంచు దిగింది. అవతలి గట్టు కనపడకుండా పోయింది, తర్వాత నీళ్లు పోయాయి, చివరికి మా ముందున్న నావ కొస ఒక్కటే మిగిలింది. అక్కడినుంచి పారిపోవాలనిపించింది నాకు. చుట్టూ అందరి ముఖాల్లోనూ అదే ఉంది.

"ఓ..." అని వినపడింది.

ఎవరో పిల్లవాడి నోరు మూశారు. ఏళ్ల తరబడి వస్తున్నం, వస్తున్నం అని అరిచిన జనం, నిజంగా పిలుపు వచ్చేసరికి ఒక్కరూ నోరు విప్పలేదు.

"ఓ..." రెండోది నీరసంగా వచ్చింది.

తర్వాత నీళ్ల చప్పుడే. ఎంతసేపు చూసినా మూడోది రాలేదు. మల్లక్క మా అమ్మ వైపు తిరిగింది. ఆ ముఖంలో వెలుగు చూసి నేను ఏడ్చేశాను.

"ఇన్నవా చాంద్ బీ? రెండే! రెండే పిలిచింది! అది దయ్యమే! నా మొగడు గాదు, దయ్యమే!"

మా అమ్మ ఆమెను వాటేసుకుంది. మా కట్టుబాటు తెలియని పాదిరి ఒక్కడే అందరినీ వింతగా చూస్తున్నాడు.

"అరే, అవతల ఎవరో మనిషి పిలుస్తున్నాడు. నావ తీయండి!"

"మూడోపారి పిలవనీయుండ్రి అయ్యా," అన్నాడు జంగు.

పాదిరికి కోపం వచ్చి తానే నావెక్కి వెదురుగడ అందుకున్నాడు. ఆయనను ఒంటరిగా పంపలేక, తిట్టుకుంటూ జంగు కూడా ఎక్కాడు. అప్పుడు, ఏళ్లుగా మేం వినని ఆ పెద్ద గొంతుతో మల్లక్క అరిచింది.

"పోవద్దు! అది మనిషి గాదు! మీ కాళ్లు మొక్కుత, పోవద్దు!"

నావ మంచులో కలిసిపోయింది. తిరిగి వచ్చినప్పుడు అందులో మూడో మనిషి ఉన్నాడు. వెదురు కోతకు పోయి జ్వరంతో మా వైపున్న జింగనూర్ తిరిగి వస్తున్న కూలి మనిషి. చెప్పుల్లేవు. ధోవతి నడుము దాకా తడిసి కాళ్లకు అతుక్కుపోయింది. దవడలు కొట్టుకుంటున్నాయి.

"మూడోపారి ఎందుకు పిలవలేదయ్యా?" అని రాజలింగు కసిరాడు.

"రెండుసార్లు పిలిస్తిని. ఎవ్వరు పలకకపాయె. ఈ ఒడ్డుకు ఎవ్వరు లేరనుకున్న," అన్నాడతను. "ఇగ నడిసే దాటుదామని నీళ్లల్ల దిగిన."

మల్లక్క మా అమ్మ చెయ్యి విడిపించుకుని అతని దగ్గరికి నడిచింది. ఇసుకలో కూలబడి, ఆ తడి ధోవతిని రెండు చేతులతో పట్టుకుంది.

"ఉన్ననయ్యా," అన్నది. "ఈడనే ఉన్న. రెండుసార్లూ ఇన్న."