గోళ్లరంగు చుక్క

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకుని నరసరావుపేటలో మా ఇంటికి తిరిగొచ్చిన రోజు, నా గ్లాసు మీద ఎర్రటి గోళ్లరంగు చుక్క కనిపించింది. కంచం మీద కూడా. వేరేవాళ్ల వాటితో కలవకుండా మా అత్తగారు పెట్టిన గుర్తు. ఇది వైరస్ వల్ల వచ్చిందని డాక్టరమ్మ చెబుతున్నప్పుడు ఆవిడ నా పక్కనే ఉన్నారు. కంచాల వల్ల అంటదని, పడక వల్ల అంటుతుందని, మగవాడిలో పైకి ఏమీ కనపడకుండానే ఉండగలదని అన్నీ విన్నారు.

నా జన్మలో నేనెరిగిన మగవాడు ఒక్కడే. పురుగుమందుల కొట్టు పనంటూ వారానికి రెండ్రోజులు ఊళ్లు తిరిగే మా ఆయన. అయినా చూడ్డానికి వచ్చిన ప్రతి మనిషి దగ్గరా అత్తగారు, "యాడ తెచ్చుకుందో ఏమో" అనేవారు. ఆయన పేపరు చదువుకుంటూ వినేవాడు. ఒక్కసారైనా నోరు తెరిచి ఉంటే నేను ఇంత పగ పట్టేదాన్ని కాదు.

ఆడబిడ్డను గురజాలలో ఇచ్చారు. ఆమె కూతురికి పదమూడేళ్లు. ఈ వయసులో టీకా వేయిస్తే నాకొచ్చింది ఆ పిల్లకు రాకుండా చానావరకు కాపాడుతుందని డాక్టరమ్మ చెప్పింది. పిల్లకు సూదంటే భయం, చుక్కల మందు లేదా అని అడిగాను. ఇలాంటి వైరస్‌లు లోపలి తడి పొరల్లోంచే ఒంట్లోకి దిగుతాయట. అక్కడే అడ్డుకునేలా ముక్కులో కొట్టే టీకాల మీద పరిశోధనలు జరుగుతున్నాయి కానీ ఇంకా చేతికి రాలేదు, ఈలోపు సూది బాగానే పనిచేస్తుంది, ఆగొద్దు అంది. గుమ్మం దగ్గరే కాపలా అన్నమాట. మా ఇంట్లో గుమ్మం దాటించి లోపలికి తెచ్చినవాడే యజమాని.

ఆడబిడ్డ సరేనంది. అత్తగారు సాగనివ్వలేదు.

"పెళ్లిగాని పిల్లకి ఆ సూదేంది? రేపు సంబంధాలోళ్లకి తెలిస్తే ఏమనుకుంటారు?"

అంతే, ఆడబిడ్డ నా ఫోను ఎత్తడం మానేసింది. మనవరాలి ఒళ్లు ఏమైపోయినా ఫర్వాలేదు, పరువు మాత్రం నిలబడాలి. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ వేసవిలోనే పిల్లకు ఓణీల ఫంక్షన్ పెట్టారు. చదివింపుల్లో మేనమామ, అంటే మా ఆయన, పెట్టే కానుకలు ముందు మైకులో చదవాలి కదా. జబ్బు మనిషిని స్టేజీ ఎక్కొద్దని, పిల్లకు అక్షింతలు కూడా వేయొద్దని అత్తగారు నన్ను వెనక వరస కుర్చీలో కూర్చోబెట్టారు. కానీ ఆ కానుకల చీటీ మాత్రం ఎప్పటిలాగే నాతోనే రాయించారు. ఇంట్లో దస్తూరీ బాగుండేది నాదే మరి. అక్కడే పప్పులో కాలేశారు.

మైకు పట్టుకున్నది ఒక రిటైర్డు మాస్టారు. ఏది రాసిస్తే అది చదివే మనిషి.

"మేనమామ గారి తరఫున పట్టులంగా, ఓణీ, వెండి పట్టీలు, జత బంగారు గాజులు. మేనమామ అంటించిన వైరస్ వల్ల అత్తకొచ్చిన క్యాన్సర్, రేపు కట్టుకోబోయేవాడి వల్ల ఈ పిల్లకు రాకుండా రెండు డోసుల టీకా..."

అప్పుడు ఆగాడు. భోజనాల దగ్గర వడ్డించేవాళ్లూ ఆగారు. స్టేజీ మీద మా ఆయన చేతిలో పట్టు బట్టల పళ్లెం. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలియలేదు. అత్తగారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. నేను ఆ మొహాన్ని కళ్లార్పకుండా చూశాను. పాపమనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు.

వెళ్లిపోయేటప్పుడు ఆడబిడ్డ నా దగ్గరకొచ్చింది. తిడుతుందనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని, "వదినా, సోమవారం టీకాకు ఎన్నింటికి రావాలి?" అంది.

సోమవారం పిల్లకు మొదటి డోసు పడింది. పక్కన కూర్చోబెట్టుకున్నది నేనే. సూది దిగేటప్పుడు ఆ పిల్ల నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో, గాజు ఒకటి చిట్లింది.

ఇంటికొచ్చి బీరువాలోంచి ఆ గోళ్లరంగు సీసా తీశాను. మా ఆయన గ్లాసుకు చుక్క పెట్టి, ఆరనిచ్చి, మధ్యాహ్నం భోజనంలో అందులోనే మజ్జిగ పోసిచ్చాను. అత్తగారు ఎదురుగా కూర్చుని తింటున్నారు.

"ఇదేంది?" అన్నాడు ఆయన.

"యాడ తెచ్చుకున్నారో ఏమో" అన్నాను.

ఆయన తల్లి వైపు చూశాడు. ఆవిడ కంచంలోంచి తలెత్తలేదు. మజ్జిగ మొత్తం తాగాడు.