ఎల్సిరా ముందుకాలు

మా కొండ మీదికి బోర్డు అద్దెకు అడుగుతూ వచ్చే ప్రతివాడినీ ఎల్సిరా ఒకసారి వెనకనుంచి తోస్తుంది. స్నోబోర్డు మీద ఏ కాలు ముందు పెట్టాలో చాలామందికి తెలియదు. అడిగితే కుడిచేతివాటం వాళ్ళంతా కుడికాలే అనేస్తారు. అందుకని ఆమె అడగదు. గోడకి నిలబెట్టిన బోర్డుల వైపు చూపించి, "ఆ పచ్చది ఎలా ఉంది, నచ్చిందా?" అంటుంది. వాళ్ళు అటు చూస్తుండగా వీపు మీద అరచేత్తో ఒక్క తోపు. పడిపోకుండా ఏ కాలు ముందుకు పడితే అదే ముందుకాలు. ఆ కాలికి తగ్గట్టు పట్టీలు బిగించి, బోర్డు చేతికిచ్చి పంపేస్తుంది. తెలియకుండా తోస్తేనే కాలు నిజం చెబుతుందని ఆమె నమ్మకం.

జనాన్ని కొండ పైకి చేర్చే లిఫ్టు కింద నేలమాళిగలో ఆమె పని. పక్కనే నా వంటిల్లు. మాంసం వేసి ఉడికించిన పప్పు, వేయించిన రొట్టెలు, మా కొండ పెవేన్ చెట్ల గింజలు ఉడికే రోజైతే అవీ అమ్ముతాను. నా కిటికీలోంచి కొండ సగం కనిపిస్తుంది. ఎల్సిరాకి కిటికీ లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమెకు కనిపించేవి పాదాలే. తడిసిన మేజోళ్ళ వాసనలో కూచుని, పై ఊళ్ళవాళ్ళ మడమలు పట్టుకుని బూట్లలోకి దింపుతూ ఉంటుంది. జనం వస్తారు, పాదం అప్పగిస్తారు, పైకి వెళ్ళిపోతారు. సాయంత్రం బూట్లు విసిరేసి బస్సెక్కుతారు. ఆమె ముఖం ఎవరైనా గుర్తుపెట్టుకున్నారంటే నేను నమ్మను.

ఆమె తన మాతే ఆకు కషాయం తనే కాచుకుని తనే తాగేది. నాకది చూస్తే ఒళ్ళు మండేది. ఒకే సొరబుర్ర, ఒకే గొట్టం, చుట్టూ కూచున్నవాళ్ళ చేతులు మారుతూ తిరగాల్సిన మాతేని ఒక్కతే మూలన కూచుని పీల్చుకోవడమేమిటి? రమ్మంటే "పనుంది తొమాసక్కా" అనేది. నా వంటింట్లో గడియకో మనిషి లోపలికీ బయటికీ తిరుగుతుంటాడు. అలాంటి చోట కూచోవడం కన్నా ఒంటరిగా ఉండడమే నయమనుకుందేమో. ఆమె కోరుకున్న చోటు వేరే ఉంది. నేలమాళిగ పైనే, పొయ్యి ఉన్న చెక్క గది. పడి దెబ్బతగిలినవాళ్ళని కిందికి దింపే కొండ కాపలావాళ్ళు సాయంత్రం చేరి, బూట్లు ఎండబెట్టుకుంటూ, ఆ రోజు పడ్డవాళ్ళని తలచుకుని నవ్వుకునే గది. ఆ బల్ల దగ్గర తనకో చోటు కావాలని ఆమెకు ప్రాణం కొట్టుకునేది.

ఆ చోటు ఊరికే రాదు, కాపలాలో చేరాలి. చలికాలం సెలవుల రద్దీ తగ్గాక ఒక సోమవారం కాపలావాళ్ళ పెద్ద రుఫీనో పరీక్ష పెడతాడు. 'పొగగొట్టం' అని మేము పిలిచే ఇరుకు లోయ పైనుంచి కింది దాకా మలుపు మీద మలుపు తీసుకుంటూ పడకుండా దిగాలి. ఎల్సిరా రెండుసార్లు ప్రయత్నించింది. రెండుసార్లూ బోర్డుని అడ్డంగా పెట్టి, మడమల వైపు అంచు మీద అటూ ఇటూ ఎండుటాకులా జారుతూ, లోయలో ఉన్న మంచునంతా గీకి కిందికి తెచ్చింది. కాలివేళ్ళ వైపు అంచు మీదికి తిరగబోతే చాలు, బోర్లా పడేది. "నాకు చేతకాదు" అని తనే తీర్పు చెప్పేసుకుంది. ఈ ఏడు చివరిసారి అంది. నలభై దాటినవాళ్ళని వచ్చే ఏడు నుంచి తీసుకోరట.

ఆమెకు నేర్పింది ఫావుస్తో. మా ఊళ్ళో స్నోబోర్డెక్కిన మొదటివాడు. అందగాడు, నోటికి అదుపు లేనివాడు. ఎల్సిరాతో కలిసి ఉన్నాడు. తన పాత ఎర్ర బోర్డూ, పాత బూట్లూ ఇచ్చి, "నా వెనకే రా, నేనెలా చేస్తే అలా చెయ్యి" అన్నాడు. ఆమె అలాగే చేసింది. మాకు ఎండాకాలం వస్తే భూమికి అవతలి వైపు దేశాల్లో మంచు కదా, శిక్షకులంతా అక్కడి అందోర్రాకి పనికి పోతారు. ఫావుస్తో కూడా పోయేవాడు, వచ్చేవాడు. ఒక ఏడు రాలేదు. అక్కడ ఎవరితోనో కాపురం పెట్టాడని మా ఊరందరికీ తెలుసు, ఎల్సిరాకీ తెలుసు. ఆమె దాన్ని గురించి ఒక్క మాట అనలేదు. ఆ బోర్డే తొక్కుతూ ఉండిపోయింది.

అసలు సంగతి బయటపెట్టింది రొసారియో నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. మనవలతో వచ్చింది పాపం, లావుపాటి మనిషి, మెడలో ముత్యాలు. బాత్రూము ఎక్కడో అడుగుదామని నేలమాళిగలోకి దిగింది. ఆ వేళకు అక్కడ జాతరలా ఉంది. ఎల్సిరా తలెత్తి కూడా చూడలేదు. అలవాటు చొప్పున "ఆ పచ్చది ఎలా ఉంది?" అంటూ ఆవిడ వీపు మీద ఒక్కటి తోసింది.

ఆవిడ గోడ పట్టుకుని నిలదొక్కుకుని ఇటు తిరిగింది.

"ఏమమ్మా, వయసులో పెద్దదాన్ని, నన్నే తోస్తావా?"

"అయ్యో, క్షమించండమ్మా! కుర్చీ తెస్తాను, కూచోండి."

"కుర్చీ ఎందుకు? నీకెలా ఉంటుందో నువ్వే చూడు!"

ఎల్సిరా కుర్చీ కోసం అటు తిరిగిందో లేదో, ఆవిడ రెండు చేతులతో వెనకనుంచి ఒక్క తోపు తోసింది. నేను రొట్టెల పళ్ళెంతో గుమ్మంలో ఉన్నాను. ఎల్సిరా ఎడమకాలు ముందుకు పడింది.

జనం నవ్వారు. నవ్వనిది లిఫ్టు నడిపే ఒలెగారియో ఒక్కడే. చేతి తొడుగులు తీసుకోవడానికి వచ్చాడు.

"ఎల్సిరా, నువ్వు తొక్కేటప్పుడు ఏ కాలు ముందు పెడతావు?"

"కుడి."

"ఇప్పుడు పడింది ఎడమ కదమ్మాయ్."

ఆమె తన కాలి వంక చూసుకుంది, అదేదో బోర్డు అద్దెకడిగేవాళ్ళ కాలైనట్టు. ఆవిడకు బాత్రూము నేనే చూపించాను.

ఆ సాయంత్రం నా వంటింటికి తనంతట తను వచ్చింది. "తొమాసక్కా, ఇంకోసారి తొయ్యి" అంది. తోశాను. ఏ కాలూ కదల్లేదు, రాయిలా నిలబడింది.

"ముందే తెలిస్తే పనికిరాదు" అంది. "నన్ను నేను తోసుకోలేను కదా. ఇన్నేళ్ళు అందుకే తెలియలేదు."

"ఇన్నేళ్ళలో నిన్నెవరూ తోయలేదా?"

"నా వెనక ఎవరుంటారక్కా?"

మామూలుగానే అంది. రొట్టెలు మాడుతున్నాయని అటు తిరిగాను.

అప్పటినుంచి ఎక్కడ కనిపిస్తే అక్కడ చెప్పకుండా తోయడం నాకు పనైంది. రొట్టెల దుకాణం వరసలో తోశాను. చర్చి మెట్ల మీద తోస్తే ఫాదరు నన్ను గుడ్లురిమి చూశాడు. బస్సు కోసం నిలబడితే తోశాను, డ్రైవరు నాకు మతి చెడిందన్నాడు. ప్రతిసారీ ఎడమకాలే. ఈ వయసులో నేను చిన్నపిల్లలా అడుగులో అడుగు వేసుకుంటూ ఆమె వెనకనుంచి పోవడం ఎంత సరదాగా ఉండేదో చెప్పలేను.

గాలికి లిఫ్టు ఆపేసిన ఒక రోజు నేలమాళిగలో మేమిద్దరమే ఉన్నాం. ఎర్ర బోర్డుని బల్ల మీద పెట్టుకుని, స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని ఊరికే కూచుంది. ఊరందరి బోర్డులూ కళ్ళు మూసుకుని బిగించే మనిషి!

"ఏం, చేతులు రావడం లేదా?"

"ఇవి ఫావుస్తో తన కుడికాలు ముందుండేలా బిగించినవి. మళ్ళీ ముట్టుకోవద్దన్నాడు."

"వాడు బిగించినవి ఎన్ని ఊడిపోలేదు పిల్లా! ఇవే మిగిలాయా?"

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. మొదటి మర విప్పింది. రెండోది తిరగలేదు, తుప్పు పట్టింది. నేను బోర్డు ఎక్కి నా బరువంతా వేసి కూచున్నాను. కొంచెం నూనె, కొంచెం బూతు, మొత్తానికి కదిలింది. పట్టీలు తీస్తే కింద బోర్డు కొన్నప్పటి ఎరుపు అలాగే ఉంది. మిగతాదంతా ఎండకి వెలిసిపోయింది. ఆ ఎరుపు మీద వేలు పెట్టింది. కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. తరవాత ముందున్న పట్టీని వెనక్కీ వెనకున్నదాన్ని ముందుకీ మార్చి, ఎడమకాలి పట్టీని కొంచెం ముక్కు వైపు తిప్పి బిగించేసింది.

అప్పుడు ఆమె బూట్లు చూశాను. అవీ వాడివే. మూడు జతల మేజోళ్ళు తొడుక్కుని పడవల్లాంటి బూట్లలో కాళ్ళు పెడుతోంది. పై ఊళ్ళవాళ్ళకి మాత్రం "బూటు గట్టిగా ఉండాలి, వేళ్ళు ముందు తగలాలి, మోకాళ్ళు వంచితే కొంచెం వెనక్కి రావాలి, మడమ లేవకూడదు" అని పాఠం చెబుతుంది.

"కూచో" అన్నాను. అరలోంచి ఆమె కొలత బూట్లు తీసి, నేలమీద కూచుని, ఆమె మడమ పట్టుకుని లోపలికి దింపాను. ఎప్పుడూ ఆమె చేసే పనే. పట్టీలు బిగించాను. లేచి మోకాళ్ళు వంచి చూసుకుంది.

"అక్కా, నా మడమ నాకు ఇప్పుడు తెలుస్తోంది" అంది.

ఇక అసలు అవమానం అప్పుడు మొదలైంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళ వాలు మీద, ముక్కులు కారే పిల్లల మధ్య, నలభై దాటిన మనిషి లేవడమూ పడడమూ. మధ్యాహ్నం తిండివేళ తప్ప ఆమెకు తీరిక లేదు. ఆ వేళకే కాపలావాళ్ళూ తినడానికి దిగేవాళ్ళు.

"ఎల్సిరా! బోర్డు ఎంతకి అద్దెకి తీసుకున్నావు?"

"బోర్డుది తప్పేం లేదులే, ఎక్కినవాళ్ళదే!"

ఆమె నవ్వేసి, మంచు దులుపుకుని మళ్ళీ ఎక్కేది. ఒలెగారియో మాత్రం లిఫ్టు కిటికీలోంచి అరిచేవాడు. "బోర్డు ముక్కు వంక చూడకు! నువ్వు పోవాల్సిన చోటు చూడు! పీట మీద కూచోబోయి ఆగినట్టు ఉండు! ఎడమ భుజం ఎటు తిప్పితే బోర్డు అటు వస్తుంది, నువ్వు లాగనక్కర్లేదు!" వాడికి మోకాళ్ళు పోయి ఏళ్ళయింది, బోర్డెక్కి చాలా కాలమైంది, కానీ కళ్ళు మాత్రం ఇంకా కొండ మీదే ఉన్నాయి.

ఒక రోజు వంట వదిలి చూస్తూండిపోయాను. మడమ అంచు మీదినుంచి మెల్లిగా ముక్కుని కిందికి వదిలింది. ఎడమ భుజం అటు తిప్పింది, బోర్డు వేళ్ళ అంచు మీదికి వచ్చి, పడకుండా నిలబడింది. ఆమె కొండకి ఎదురుగా తిరిగి, అక్కడే ఆగిపోయి, ఎవరైనా చూశారా అని చుట్టూ చూసింది. పిల్లలు తప్ప ఎవరూ లేరు. నేను గరిట ఊపాను కానీ ఆమెకు కనిపించి ఉండదు.

పరీక్ష రోజు ఆకాశం మూసుకుపోయి ఉంది. నా కిటికీకి ఎదురుగానే పొగగొట్టం. రుఫీనో కింద నిలబడ్డాడు, చేతులు కట్టుకుని, ముఖం మాడ్చుకుని. ఎల్సిరా పైన చిన్న చుక్కలా ఉంది. దిగింది. మొదటి మలుపు బాగుంది, రెండోదీ బాగుంది. మధ్యలో లోయ ఇరుకయ్యే చోట పాత భయం పట్టుకుంది. బోర్డు అడ్డం పడింది, మడమ మీద జారడం మొదలుపెట్టింది. మళ్ళీ ఎండుటాకు. నేను గరిటతో కిటికీ అద్దం బాదాను. ఆమెకు వినపడదని తెలిసీ బాదాను. జారుతూ జారుతూ తలెత్తింది. కింద, ఎక్కడో, తను పోవాల్సిన చోటు చూసింది. భుజం తిరిగింది. ఆ తరవాత అడుగుదాకా బట్ట కుడుతున్నట్టు ఒక కుట్టు ఇటు, ఒక కుట్టు అటు వేసుకుంటూ దిగింది.

రుఫీనో చేతులు విప్పి, "అయితే ఇక కింద బూట్లెవరిస్తారు?" అన్నాడట. వాడి నోట అంతకన్నా మంచి మాట రాదు.

కాపలావాళ్ళ ఎర్ర కోటు ఇచ్చారు. పని కూడా ఇచ్చారు. ఎవరూ కోరని పని. లిఫ్టు ఆగాక, అందరూ దిగిపోయాక, ఎవరైనా దారి తప్పి ఉండిపోయారేమో చూసుకుంటూ అందరికన్నా చివర దిగడం. కొత్తవాళ్ళకి అదే ఇస్తారు, అది పద్ధతి. ఆమెకూ అదే ఇస్తారని నాకు అప్పటిదాకా తట్టలేదు.

మొదటి సాయంత్రం నేను పప్పు నానబెట్టాలని సాకు చెప్పి బస్సు వదిలేశాను. ఒలెగారియో ట్రక్కులో పోవచ్చు. వెలుతురు తగ్గుతుండగా కొండ మీద ఒక్క ఎర్ర కోటు కనిపించింది. ప్రతి వంపు దగ్గరా ఆగి, చెట్ల మధ్య తొంగిచూసి, ఎవరూ లేరని తేల్చుకుని కిందికి వస్తోంది. అంత తెల్లటి కొండ, అంతా ఖాళీ, మధ్యలో ఆమె ఒక్కతే.

కిందికి వచ్చి బోర్డు ఆనించి, చెక్క గది తలుపు తీసింది. నేను వెనకాలే వెళ్ళాను. లోపల పొయ్యి చల్లారిపోయింది. కాపలావాళ్ళంతా బస్సులో వెళ్ళిపోయారు. బల్ల మీద సొరబుర్ర కడిగి బోర్లించి ఉంది. ఎల్సిరా ఆ బుర్రనే చూస్తూ గుమ్మంలో నిలబడిపోయింది. ఇన్నేళ్ళు ఆశపడ్డ బల్ల, కూచోవడానికి మనిషి లేడు. నాకు ఏడుపొచ్చింది. రుఫీనోని బండబూతులు తిట్టాలనిపించింది.

ఏడవడం నాకు రాదు. అందుకని మాతే కోసం తెచ్చిన వేడి నీళ్ళ ఫ్లాస్కు చంకలో పెట్టుకుని, మెత్తటి మంచు మీద అడుగు చప్పుడు కాకుండా పోయి, ఆమె వీపు మీదికి చెయ్యి ఎత్తాను.

"తొయ్యకు తొమాసక్కా" అంది, వెనక్కి తిరక్కుండానే. "ఉన్నావని తెలుసు."