ఆదివారం మిద్దె మీద మైకు

నా పెండ్లి చెడగొట్టింది జాతకం కాదు, నా నల్లటి మొహం కూడా కాదు. ఒక పాట. అదీ ఆదివారం మధ్యాహ్నం కాళ్లు చాపుకొని వినదగిన మెత్తటి పాట. నవ్వదలుచుకున్నవాళ్లు మొహమాటం లేకుండా నవ్వుకోండి. నాతో నవ్వమని మాత్రం అడగొద్దు.

ఆంధ్రరాష్ట్రం తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయిన కొత్త. ప్రొద్దుటూరులో మస్తాన్ మామ మైకు సెట్టు అంగడిలో పనిచేసేవాణ్ణి. నేను బడి గడప తొక్కలేదు. రికార్డుల నడుమ గుండ్రంగా అచ్చేసిన అక్షరాలు కూడబలుక్కొని చదువు నేర్చాను. అందుకే ఈనాటికీ పేపరు చదువుతుంటే నా తల గుండ్రంగా తిరుగుతుంది.

ఆ రోజుల్లో మా వైపు మైకంటే పెండ్లి, పెండ్లంటే మైకు. మిద్దె మీద మైకు గొట్టం కనబడితే చాలు, పిలుపు అందనివాళ్లు కూడా మరిచిపోయి ఉంటారులే అని పెద్దమనసు చేసుకొని వచ్చి విస్తరాకు ముందు కూర్చునేవాళ్లు. ఈ సంగతి నాకు తెలియక కాదు. నేను తినే కూడే అది.

జమ్మలమడుగులో ఒక పెండ్లికి సెట్టు తీసుకుపోయినప్పుడు ఓబుళమ్మ నా దగ్గరికొచ్చింది. పెండ్లికూతురి స్నేహితురాలు.

“ఏమప్పా, చెవులు దిమ్మెక్కిపోతాండాయి. ఇందాక మెల్లగుండే పాట పెట్టింటివే, అది ఇంగోసారి పెట్టు.”

“పెండ్లిలో మెల్లగుండే పాటేందమ్మా? అందరూ నిద్రపోతారు.”

“పోనీలే. పెండ్లికూతురు రాత్రి నుంచి కునుకు తీయలేదు, పాపం.”

పెట్టాను. రికార్డు మీద ముల్లు ఎక్కడుందో తెలుసు గానీ, నా బుద్ధి ఎక్కడుందో ఆ తర్వాత తెలియలేదు.

మా అమ్మ వాళ్లింటికి కబురు పంపింది. ఓబుళమ్మ నాయన గంగయ్య ముక్కుసూటి మనిషి. “పులివెందుల సంబంధం గూడా ఒకటుంది. అయినా పాప మీ పిల్లోని మాటే ఎత్తుతాంది. ఆదివారం వచ్చి ఇల్లు చూస్తాం. నచ్చితే ఆడనే ఖాయం” అని చెప్పి పంపాడు.

మామూలు మనిషైతే ఇల్లు ఊడ్చుకొని కూర్చుంటాడు. నేను మస్తాన్ మామ దగ్గరికి పోయాను.

“మామా, ఆదివారం సెట్టు ఖాళీనే గదా, నాకిస్తావా?”

“ఎందుకురా?”

“ఊరికే, పాటలు వినేదానికి.”

“ఊరికే వినేదానికి మైకెందుకురా పిచ్చోడా? సరే, తీసకపో. బ్యాటరీ దిగిపోయిందంటే నీ తోలు దిగుతాది.”

మిద్దె మీద గొట్టం కడుతుంటే కింద ఓళిగలు కాలుస్తున్న అమ్మ అరిచింది. “లోపల పెట్టుకోరా పుల్లయ్యా!”

“లోపల పెడితే మలుపుకాడికి వచ్చినోళ్లకు మన ఇల్లెట్ల తెలుస్తాదిమా?”

చూశారా తెలివి! గొట్టాన్ని సరిగ్గా మలుపు వైపు తిప్పి, ఓబుళమ్మ అడిగిన పాటే పెట్టాను. అయిపోతే మళ్లీ అదే. గంగయ్య ఆ పాట వింటూ, ఆదివారం ఎండలో చల్లబడుతూ, నడిచొచ్చి పిల్లనిస్తాడని నా లెక్క.

ముందుగా వచ్చింది గంగయ్య కాదు. మలుపులో ఉండే చెన్నమ్మత్త, పట్టుచీర కట్టుకొని, ఇంటిల్లిపాదినీ వెంటేసుకొని.

“ఏంరా, ఒకే వీధోళ్లం, మాకు చెప్పకుండానే కార్యం చేసుకుంటాండావే?”

“కార్యం లేదు, ఏమీ లేదత్తా. ఊరికే పాటలు.”

“ఊరికే ఎవుడన్నా మిద్దెక్కి మైకు కడతాడా? మాకు పెట్టేదానికి మనసు రాలేదని చెప్పు!”

ఆమె వెనక ఇంకో ఇల్లు, దాని వెనక ఇంకోటి. అమ్మ సిగ్గుతో చచ్చిపోతూ, గంగయ్య కోసం చేసిన ఓళిగలు వాళ్లకు వడ్డించింది. తిన్నవాళ్లు తిని, నెయ్యి తక్కువైందని కూడా అన్నారు. నేను మిద్దె మీద ముల్లు మారుస్తూనే ఉన్నాను. పొద్దు గూకింది. బ్యాటరీ దిగిపోయింది. పాట గొంతు సాగి, మూలిగి, ఆగిపోయింది. గంగయ్య రాలేదు.

“పోయి కనుక్కోరా” అంది అమ్మ.

“మాటిచ్చి రానోళ్ల గడప నేను తొక్కాల్నా?” అన్నాను. అప్పుడు నాకు రోషం అంత పుష్కలంగా ఉండేది.

కొన్నాళ్లకు పులివెందుల నుంచి పెండ్లి మైకుకు పిలుపొచ్చింది. మస్తాన్ మామ నన్నే పంపాడు. సెట్టు దించి తలెత్తితే పందిట్లో పెండ్లికూతురు ఓబుళమ్మ. నా బస్సు ఆలస్యమైంది గనక తాళి అప్పటికే పడింది. గంగయ్య నన్ను చూసి దగ్గరికొచ్చాడు.

“ఏమప్పా, నీ ఇంటిదాన్ని తోడుకొని రాలేదా?”

“ఏ ఇంటిది?”

“ఆ ఆదివారం మీ మిద్దె మీద మైకు మోగుతాంటే మలుపుకాడ నిలబడి విన్యాం గదా. పట్టుచీర కట్టుకున్న ఒకామెను అడిగితే, పుల్లయ్య ఇంట్లో కార్యం, భోజనానికి పోతాండామనె. మమ్మల్ని రమ్మని, ఇంగో పిల్లను చేసుకుంటివే అని అట్లనే బస్సుకు తిరుక్కొంటిమి.”

“అది పెండ్లి కాదు మామా...” అని మొదలుపెట్టి, పందిరి వైపు చూసి, రికార్డుల పెట్టె విప్పుకున్నాను.

“పోనీలే, అయిపోయె. మా పాప రాత్రి నుంచి కునుకు తీయలేదప్పా. మెల్లగుండే పాట ఏదన్నా పెట్టు.”

పెట్టాను. ఓబుళమ్మ ఒక్కసారి తలెత్తి గొట్టం వైపు చూసి, మళ్లీ దించుకుంది. పందిట్లో ఒక్కొక్కరే కునుకులో పడ్డారు. నేను ముల్లు మార్చాలి గనక మేలుకొని ఉన్నాను.

ఆ పొద్దే వేడి మీదున్న సెట్టు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను: లోకంలో ఎవరింటి మీదైనా మైకు కడతాను గానీ, నా మిద్దె మీద ఈ జన్మలో కట్టను. ఇప్పటిదాకా మాట తప్పలేదు. తప్పే అవసరం కూడా రాలేదు.